డీప్ పర్పుల్‌ను ఆల్బమ్‌ల వరుసలో వినాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అప్పుడప్పుడు అచ్చయ్యే పాశ్చాత్య సంగీత పరిచయాలను నేను వదలకుండా చదువుతాను. నల్లగొండలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు చరిత్ర బోధించే నాకు హార్డ్ రాక్ సంగీతంతో పరిచయం ఈ మధ్యనే మొదలైంది. ఇంగ్లండులో 1968లో పుట్టి, 2024లో కూడా కొత్త ఆల్బమ్ విడుదల చేసిన డీప్ పర్పుల్ అనే బృందాన్ని ఎంచుకుని, వారి ఆల్బమ్‌లను మొదటి నుంచి వింటూ వస్తున్నాను. ఇంత పాత బృందం గురించి చెప్పవలసి వచ్చినప్పుడల్లా పత్రికలూ, ఫోన్లలోని సంగీత యాప్‌లూ ‘తప్పక వినాల్సిన పది పాటలు’ అంటూ ఒక పట్టిక ఇచ్చి ఊరుకుంటున్నాయి. కొత్తగా వినేవారికి ఆ పట్టిక మేలు చేయడం లేదని నా అభిప్రాయం. ఏ ఏడాది ఎవరెవరు వాయించారో తెలుసుకుంటూ, ఒక్కో ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా వింటేనే ఈ సంగీతం మనకు దగ్గరవుతుందని అనుభవంతో రాస్తున్నాను.

మన జిల్లాల్లో ఈ సంగీతం పట్ల ఆసక్తి లేదనుకోవడం సరికాదు. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వంటి పట్టణాల్లో చాలామంది పిల్లలు చర్చిలోనో, కళాశాల వార్షికోత్సవంలోనో డ్రమ్స్, కీబోర్డు, గిటార్లను దగ్గరగా చూస్తున్నారు. గిటారు పట్టినవారు తొలి రోజుల్లోనే ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఆరంభంలో వచ్చే నాలుగు స్వరాల బాణీని నేర్చుకుంటున్నారు. అది డీప్ పర్పుల్ పాట అని తెలిసినవారు కొద్దిమంది. తెలిసినవారిలోనూ అదే ఆల్బమ్‌లో దాని వెంటనే వచ్చే పాటను విన్నవారు నాకు ఇంతవరకు కనబడలేదు. ఇరవైకి పైగా ఆల్బమ్‌లు, మారుతూ వచ్చిన సభ్యులు, ఎప్పటి నుంచో వింటున్న అభిమానులు విసిరే చిన్నచూపు, ఇవన్నీ కలిసి కొత్తవారిని వెనక్కి నెడతాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదని చెప్పుకోవడానికి నా విద్యార్థులు సిగ్గుపడుతున్నారు. పదిహేడేళ్ల పిల్లలు సంగీతం దగ్గర సిగ్గుపడవలసి రావడం నాకు బాధ కలిగిస్తోంది.

అందరికీ తెలిసిన ఆ పాటనే తీసుకుందాం. 1971 డిసెంబరులో ఈ బృందం స్విట్జర్లాండ్‌లోని మాంట్రోకు వెళ్లింది. అక్కడి కాసినో భవనంలో, రోలింగ్ స్టోన్స్ బృందానికి చెందిన సంచార రికార్డింగ్ వాహనాన్ని బయట నిలిపి, కొత్త ఆల్బమ్ చేయాలన్నది వారి ఆలోచన. పని మొదలుకాకముందే, డిసెంబరు 4న అమెరికా సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఒకరు ఫ్లేర్ గన్ (వెలుగు సంకేతాలు పేల్చే తుపాకీ) పేల్చడంతో కాసినో తగలబడిపోయింది. జెనీవా సరస్సు మీద పరుచుకున్న పొగను చూసిన జ్ఞాపకమే ఆ పాట పేరు. లోపల చిక్కుకున్న పిల్లలను బయటికి లాగిన నిర్వాహకుడు క్లోడ్ నాబ్స్ కూడా ఆ పాటలో ఉన్నాడు. తరువాత వారు పెవిలియన్ అనే మరో హాలులో వాయిస్తే చప్పుడు భరించలేక ఇరుగుపొరుగు వారు పోలీసులను పిలిచారు. చివరికి చలికాలం కావడంతో ఖాళీగా పడి ఉన్న గ్రాండ్ హోటల్ నడవాల్లో, గోడలకు పరుపులు ఆనించుకుని మిగతా పని పూర్తిచేశారు. అలా తయారై 1972 మార్చిలో వచ్చిన ‘మెషీన్ హెడ్’ ఆల్బమ్‌లో ఉన్నవి ఏడు పాటలే, నిడివి నలభై నిమిషాల లోపే.

ఈ సంగతులు తెలిశాక ఆ ఆల్బమ్‌ను వరుసగా వింటే, ఒక్క పాటనే విడిగా విన్నప్పుడు పట్టుబడనివి పట్టుబడతాయి. మొదటి పాట ‘హైవే స్టార్’ వేగం మీద నడుస్తుంది. అందులో రిచీ బ్లాక్‌మోర్ గిటారు, జాన్ లార్డ్ ఆర్గాన్ (కీబోర్డు వంటి వాద్యం) ఒకదాని తరువాత ఒకటి వాయించే భాగాల్లో యూరప్ శాస్త్రీయ సంగీతకారుడు బాఖ్ పోకడ స్పష్టంగా వినిపిస్తుంది. ఎల్‌పి రికార్డును తిరగేసి పెట్టాక వచ్చే తొలి పాట ‘స్మోక్ ఆన్ ద వాటర్’. అంత నెమ్మదిగా, బరువుగా నడిచే బాణీని అక్కడ ఎందుకు ఉంచారో, దాని వెనుక ఆర్గాన్ సాగదీతతో మొదలయ్యే ‘లేజీ’ని ఎందుకు పెట్టారో ఆ వరుసలో విన్నప్పుడే బోధపడుతుంది. మన దగ్గర ఒగ్గు కథ రాత్రంతా సాగుతుంటే మధ్యలో వచ్చి పది నిమిషాలు నిలబడి వెళ్లినవారికి డోలు దెబ్బ వినిపిస్తుంది గానీ బీరప్ప కథ అందదు. పది పాటల పట్టికతో ఈ బృందాన్ని వినేవారి పరిస్థితీ అదే. ఎల్‌పి రికార్డుకు ఒక్కో వైపు సుమారు ఇరవై నిమిషాలే పట్టేది కాబట్టి, ఆ కాలపు సంగీతకారులు ఏ పాట తరువాత ఏది రావాలన్న దాని మీద చాలా శ్రద్ధ పెట్టేవారు. ఆ శ్రద్ధను మన ఫోన్లు చెరిపేస్తున్నాయి.

పాటల వరుసతో పాటు మనుషులనూ గమనించాలి. డీప్ పర్పుల్ అన్న పేరు ఒక్కటే అయినా ఆ పేరుతో పాడినవారు, వాయించినవారు కాలాన్ని బట్టి మారారు. 1968, 1969 సంవత్సరాల్లో వచ్చిన మొదటి మూడు ఆల్బమ్‌లలో గాయకుడు రాడ్ ఎవాన్స్, బేస్ గిటారు వాయించినది నిక్ సింపర్. 1969లో వారి స్థానంలో ఇయాన్ గిలాన్, రోజర్ గ్లోవర్ వచ్చాక బృందం గొంతే మారిపోయింది. పది పాటల పట్టిక ఈ తేడాను చెప్పదు; అందుకే కొత్తగా వినేవారు ఒక పాటలో కీచుమని ఆకాశానికి లేచే గొంతును, మరుసటి పాటలో మెత్తని గొంతును విని, ఇది ఒకే బృందమేనా అని అయోమయపడి మానేస్తారు. మొదటి మూడింటిని కూడా తీసిపారేయవద్దని నా మనవి. 1969 ఆల్బమ్ చివర పన్నెండు నిమిషాల ‘ఏప్రిల్’ అనే పాట ఉంది. దాని నడిమి భాగాన్ని జాన్ లార్డ్ ఆర్కెస్ట్రా (శాస్త్రీయ సంగీతం వాయించే పెద్ద వాద్యబృందం) కోసం రాశాడు. ఆ తరువాత వచ్చే పెద్ద ప్రయోగానికి బీజం అక్కడే కనిపిస్తుంది.

ఆ పెద్ద ప్రయోగం 1969 సెప్టెంబరు 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో జరిగింది. జాన్ లార్డ్ రచించిన ‘కన్సర్టో ఫర్ గ్రూప్ అండ్ ఆర్కెస్ట్రా’ను మాల్కమ్ ఆర్నాల్డ్ నిర్వహణలో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి డీప్ పర్పుల్‌లోని అయిదుగురు వాయించారు. ఆ రచన స్వరలిపి ప్రతి తరువాత పోగొట్టుకుపోగా, రికార్డింగు విని మళ్లీ రాయించి 1999లో అదే హాలులో తిరిగి వాయించారు. చరిత్ర చెప్పేదాన్ని కాబట్టి ఈ సంగతి నన్ను ప్రత్యేకంగా ఆకట్టుకుంది. ఆ కచేరీ తరువాత ఏడాది తిరగకముందే, 1970 జూన్‌లో ‘డీప్ పర్పుల్ ఇన్ రాక్’ వచ్చింది. ఆర్కెస్ట్రాతో వాయించే బృందమన్న పేరు తమకు స్థిరపడకూడదని బ్లాక్‌మోర్, గిలాన్ పట్టుబట్టి చేసిన ఆల్బమ్ అది, వినగానే ఆ పట్టుదల తెలుస్తుంది. అందులోని ‘చైల్డ్ ఇన్ టైమ్’ పది నిమిషాలకు పైగా సాగుతుంది. దాని ఆర్గాన్ బాణీ, ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే అనే అమెరికా బృందం 1969లో చేసిన ‘బాంబే కాలింగ్’ నుంచి తీసుకున్నది. యుద్ధ భయం కమ్ముకున్న కాలంలో రాసిన ఆ పాటలో మాటలు కొన్నే. మాటలు అయిపోయిన చోట గిలాన్ గొంతు అక్షరం లేకుండా పైకి, ఇంకా పైకి వెళుతుంది. ఇంగ్లీషు మాటలు అర్థం కావన్న జంకుతో ఈ సంగీతానికి దూరంగా ఉన్న విద్యార్థికి నేను మొదట వినిపించేది ఈ పాటనే.

ఆర్గాన్ గురించి ఒక మాట చెప్పాలి. జాన్ లార్డ్ వాయించినది హామండ్ ఆర్గాన్. చర్చిలలోనూ, జాజ్ కచేరీల్లోనూ వాడే ఆ వాద్యాన్ని ఆయన గిటారుకు పెట్టే మార్షల్ ఆంప్లిఫయర్‌లో కలిపాడు. దాంతో అది గరగరమంటూ గిటారుకు దీటుగా నిలబడింది. ఈ బృందం పాటల్లో ఏది గిటారో, ఏది ఆర్గానో తొలిసారి వినేవారికి తేడా తెలియకపోవడానికి కారణం ఇదే. కీబోర్డు నేర్చుకునే మన పిల్లలు ఈ ఒక్క విషయం కోసమైనా ‘మెషీన్ హెడ్’ వినాలి.

ఇక కొత్తవారు ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నా జవాబు ‘మేడ్ ఇన్ జపాన్’. 1972 ఆగస్టు 15, 16, 17 తేదీల్లో ఒసాకా, టోక్యో నగరాల్లో జరిగిన కచేరీల రికార్డింగు ఇది. మొదట జపాన్ శ్రోతల కోసమే అనుకున్నది, ఆ తరువాత ప్రపంచమంతటా విడుదలైంది. ‘మెషీన్ హెడ్’లో నాలుగున్నర నిమిషాలున్న ‘స్పేస్ ట్రకిన్’ ఇక్కడ దాదాపు ఇరవై నిమిషాలకు పెరిగి, రెండో రికార్డులో ఒక వైపంతా తానే ఆక్రమించింది. బ్లాక్‌మోర్ ఒక స్వరం వేస్తే లార్డ్ అందుకోవడం, ఇయాన్ పెయిస్ డ్రమ్స్‌తో వారిద్దరినీ తరమడం, గిలాన్ గొంతు గిటారుకు బదులివ్వడం, ఇవన్నీ అప్పటికప్పుడు పుట్టినవి. మన కచేరీల్లో మనోధర్మం విని ఎదిగిన చెవికి ఇది తెలియని భాష కాదు. స్టూడియో ఆల్బమ్‌ల కంటే ముందు దీన్ని విని, ఆ తరువాత ‘ఇన్ రాక్’కు వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి ముందుకు రావాలన్నది నా సలహా.

1973లో గిలాన్, గ్లోవర్ తప్పుకోవడంతో కథ అయిపోయిందని చాలామంది రాస్తారు. దాన్ని నేను ఒప్పుకోను. బట్టల దుకాణంలో పనిచేస్తున్న, పెద్దగా ఎవరికీ తెలియని డేవిడ్ కవర్‌డేల్‌ను గాయకుడిగా, గ్లెన్ హ్యూస్‌ను బేస్ గిటారుకు తీసుకుని 1974లో చేసిన ‘బర్న్’లో రెండు గొంతులు ఒకదానితో ఒకటి పోటీపడి పాడతాయి. 1975లో బ్లాక్‌మోర్ కూడా వెళ్లిపోయి రెయిన్‌బో అనే సొంత బృందం పెట్టుకున్నాడు. ఆయన స్థానంలో టామీ బోలిన్ వాయించిన ‘కమ్ టేస్ట్ ద బ్యాండ్’ను ఆనాటి అభిమానులు అంతగా ఆదరించలేదు. బ్లాక్‌మోర్ కోసం వెతుక్కుంటూ విన్నవారికి అది నచ్చకపోవచ్చు. ఆ బరువు లేని నేటి కొత్త శ్రోతకు అది హాయిగా చెవికెక్కుతుంది. 1976లో బృందం విడిపోయింది, ఆ ఏడాది చివర్లోనే బోలిన్ మరణించాడు. 1984లో ‘మెషీన్ హెడ్’ నాటి అయిదుగురు మళ్లీ కలిసి ‘పర్‌ఫెక్ట్ స్ట్రేంజర్స్’ చేశారు. ఆ పేరుతోనే ఉన్న పాట ఆర్గాన్‌తో మొదలయ్యే తీరు వింటే, విడిపోయిన ఎనిమిదేళ్లలో జాన్ లార్డ్ చేతి బలం ఏమాత్రం తగ్గలేదని తెలుస్తుంది.

ఆ తరువాతి ఆల్బమ్‌లను పట్టికలు దాదాపుగా పట్టించుకోవు. 1993లో బ్లాక్‌మోర్ రెండోసారి, చివరిసారిగా వెళ్లిపోయాక వచ్చిన గిటారిస్టు స్టీవ్ మోర్స్‌తో 1996లో ‘పర్‌పెండిక్యులర్’ చేశారు. 2002లో జాన్ లార్డ్ తప్పుకోగా ఆర్గాన్ దగ్గరికి డాన్ ఎయిరీ వచ్చారు. లార్డ్ 2012 జులైలో మరణించారు. మరుసటి ఏడాది వచ్చిన ‘నౌ వాట్’లో ఆయన స్మృతికి అంకితమిచ్చిన పాటలున్నాయి. 1970 నాటి ఆర్గాన్‌ను ముందుగా విననివారికి ఆ పాటలు మామూలుగానే అనిపిస్తాయి, విన్నవారి గుండెకు మాత్రం తగులుతాయి. 1968 నుంచి నేటి వరకు ప్రతి ఆల్బమ్‌లో ఉన్నది డ్రమ్స్ వాయించే ఇయాన్ పెయిస్ ఒక్కరే. దారి తప్పుతున్నామనిపించినప్పుడు ఆయన డ్రమ్స్‌ను పట్టుకుని వెళ్లవచ్చు.

అందుచేత సంపాదకులకు నా విన్నపం ఇది. ఇటువంటి పాత బృందాల పరిచయం వేసేటప్పుడు వారానికి ఒక ఆల్బమ్‌నే తీసుకోండి. అది వచ్చిన ఏడాది, అందులో వాయించినవారి పేర్లు, రికార్డు ఏ వైపు ఏ పాటలు వచ్చాయో ఆ వరుస, ముఖ్యమైన పాటల భావం నాలుగు వాక్యాల తెలుగులో ఇవ్వండి. ఇంగ్లీషు ధారాళంగా రాని దేవరకొండ, అచ్చంపేట విద్యార్థికి ఆ నాలుగు వాక్యాలే పెద్ద అండ. ఆ వరుసను మీరు డీప్ పర్పుల్‌తో మొదలుపెడితే, తొలి వారం ‘మేడ్ ఇన్ జపాన్’కు కేటాయించాలని, అది అచ్చయిన పత్రికను మా కళాశాల నోటీసు బోర్డు మీద పెట్టే బాధ్యత నాదని తెలియజేసుకుంటున్నాను.

భవదీయురాలు,
ఒక చరిత్ర అధ్యాపకురాలు,
నల్లగొండ