ప్రోబయాటిక్ పొట్లం మీద ఇంటిపేరు కూడా రాయించాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పేగుల్లోని సూక్ష్మజీవుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. విషయం మంచిదే గానీ, మన కణాల కంటే మన ఒంట్లోని బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువన్న పాత లెక్కనే అందులో మళ్లీ వేశారు. 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ సంస్థ పరిశోధకులు ఈ లెక్కను మొదటి నుంచి కట్టి చూసి, 70 కిలోల మనిషిలో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు అని తేల్చారు. అంటే ఇంచుమించు సరిసమానం, ఆ బ్యాక్టీరియా మొత్తం బరువు పావుకిలో లోపే. కళాశాలలో మైక్రోబయాలజీ చెప్పినన్నాళ్లూ ఆ పది రెట్ల మాటను విద్యార్థులచేత రాయించినదాన్నే కనుక తప్పు పట్టే అధికారం నాకు పెద్దగా లేదు. నేను రాయదలచింది ఆ వ్యాసం చివర ఇచ్చిన సలహా గురించి: రోజూ ఏదో ఒక ప్రోబయాటిక్, అంటే ఒంటికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవుల మోతాదు, తీసుకోమని.

మొన్న మే నెలలో మా మనవడికి చెవిపోటు వస్తే డాక్టరు గారు అమాక్సిసిలిన్ రాశారు. హబ్సిగూడలో మేం వెళ్లిన మందుల షాపులో కుర్రాడు ఆ సీసాతో పాటు, చీటీలో లేని ప్రోబయాటిక్ పొడి పొట్లాలు కూడా సంచిలో వేసి, "యాంటీబయాటిక్ వాడితే ఇది కూడా పట్టాలమ్మా, అందరూ తీసుకుంటారు" అన్నాడు. అతను వాటిని తీసింది వీధివైపు అద్దాల అరలోంచి. మధ్యాహ్నపు ఎండ నేరుగా దాని మీద పడుతోంది. కళ్లజోడు సవరించుకుని పెట్టె వెనక చదివితే 25 డిగ్రీల లోపు భద్రపరచాలని ఉంది. నాలుగు బ్యాక్టీరియా జాతుల పేర్లున్నాయి, ఏ ఒక్కదానికీ స్ట్రెయిన్ సంఖ్య, అంటే ఆ జాతిలో అది ఏ రకమో తెలిపే ఇంటిపేరు లాంటిది, లేదు. ఎన్ని కోట్లున్నాయో రాశారు గానీ ఆ లెక్క తయారైన రోజుదో, గడువు ముగిసే రోజుదో రాయలేదు. మందుకూ పొట్లానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో పెట్టె మీదా లేదు, కుర్రాడూ చెప్పలేదు. ప్రోబయాటిక్‌లలో వాడే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాల్లో చాలావాటిని అమాక్సిసిలినే చంపుతుంది. ఆ రెండింటినీ ఒకే చెంచాలో కలిపి పిల్లలకు పట్టే తల్లులను నేనెరుగుదును.

స్ట్రెయిన్ పేరు కోసం ఇంత పట్టుదలేమిటని పాఠకులు అడగవచ్చు. బంగినపల్లీ మామిడే, పీచు మామిడీ మామిడే. అయినా ఆవకాయకు ఏ కాయైనా ఒకటేనని మన ఇళ్లలో ఎవరూ అనరు. బ్యాక్టీరియాలో ఈ తేడా ప్రాణాల మీదకు తెచ్చేంతటిది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, చుట్టూ విరేచనాల వ్యాధి చెలరేగినా తనకు మాత్రం సోకని ఒక సైనికుడి నుంచి జర్మన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ నిస్లే వేరుచేసిన ఈ.కోలై అనే బ్యాక్టీరియా స్ట్రెయిన్‌ను 'నిస్లే 1917' పేరుతో నేటికీ ప్రోబయాటిక్‌గా వాడుతున్నారు. మూత్రపిండాలను దెబ్బతీసే ఓ157:హెచ్7 కూడా ఈ.కోలైయే. జాతి పేరొక్కటే చెబితే ఈ రెండింటిలో ఏది చేతికొచ్చిందో తెలియదు.

ప్రోబయాటిక్‌లు దండగ అని నేను అనడం లేదు. పిల్లల్లో యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలను లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ, శాకరోమైసిస్ బౌలార్డీ కొంతవరకు ఆపగలవని పలు పరిశోధనలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. రెండోది ఈస్టు కనుక బ్యాక్టీరియాను చంపే మందు దాన్నేమీ చేయదు. గ్రామీణ ఒడిశాలో డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది నవజాత శిశువులపై చేసి 2017లో ప్రచురించిన పరిశోధన ఇంకా గొప్పది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఏటీసీసీ 202195 అన్న ఒకే ఒక్క స్ట్రెయిన్‌ను, దానికి మేతగా పనికొచ్చే చక్కెరతో కలిపి ఏడు రోజులు పట్టిస్తే, సెప్సిస్ అనే ప్రాణాంతక ఇన్ఫెక్షన్ గానీ మరణం గానీ సంభవించిన శిశువులు 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గారు. అయితే ఆ శిశువులు నెలలు నిండినవారు, లేదా దాదాపు నిండినవారు. బాగా నెలలు తక్కువ పుట్టిన బిడ్డల రక్తంలోకి ప్రోబయాటిక్‌లలోని సూక్ష్మజీవులు చేరి ప్రాణం తీయగలవని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. పెద్దల సంగతికొస్తే, వైజ్మన్ సంస్థవారే 2018లో కొద్దిమందిపై చేసిన అధ్యయనంలో, యాంటీబయాటిక్ తరువాత పదకొండు స్ట్రెయిన్ల మిశ్రమం మింగినవారి పేగుల్లో సొంత సూక్ష్మజీవులు కోలుకోవడం, ఏమీ మింగనివారిలో కంటే ఆలస్యమైంది. "పోనీ, నష్టమైతే లేదుగా" అన్న మాట అన్నివేళలా చెల్లదు.

మేత సంగతి ఎత్తాను కనుక ఒక మాట. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు పుష్కలంగా ఉంటాయి. అవి బిడ్డ పేగుల్లోని బిఫిడోబ్యాక్టీరియా కోసం. తన బిడ్డతో పాటు ఆ బిడ్డలో కాపురముండే జీవులకూ తల్లి అన్నం పెడుతోందన్నమాట. మెరుగైన ప్రోబయాటిక్‌ల దారి ఇదేనని నా నమ్మకం. ఢాకాలోని మీర్పూర్‌లో పోషకాహార లోపమున్న పిల్లలకు, మంచి సూక్ష్మజీవులు పెరిగేలా శనగ, సోయా, వేరుశనగ, అరటికాయలతో తయారుచేసిన ఆహారమిస్తే, అంతకంటే ఎక్కువ కేలరీలున్న మామూలు పోషకాహారం తిన్నవారికంటే వాళ్ల ఎదుగుదల మెరుగ్గా ఉందని 2021లో తహ్మీద్ అహ్మద్, జెఫ్రీ గోర్డన్ బృందాలు చూపాయి.

మన పెరుగూ తరవాణీ ఉండగా ఇవన్నీ ఎందుకని మీ వ్యాసకర్త అన్నారు. నేనూ పక్కింటి తోడుతోనే పెరుగు వేసుకుంటాను, హాయిగా తింటాను. కానీ పెరుగులో బతికున్న బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన అది ప్రోబయాటిక్ అయిపోదు. ఏ స్ట్రెయిన్, ఎంత మోతాదు, ఏ మేలు అన్నవి తేలాలి. ఇడ్లీ సంగతైతే చెప్పనక్కరలేదు, పిండిని పొంగించిన బ్యాక్టీరియా ఆవిరికే చచ్చిపోతుంది. మన తరవాణిలో ఉన్నవేమిటో ఇంటింటా సేకరించి, పేరుపేరునా గుర్తించి, పరీక్షించి చెప్పే పనిని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, మా హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి చేపడితే, ఆ తోడు ఇవ్వడానికి ముందువరసలో నేనుంటాను.

ఈలోగా అడగదగినది చిన్నదే. ఆహారంలో ప్రోబయాటిక్‌ల కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు జాతితో పాటు స్ట్రెయిన్ పేరు, గడువు ముగిసేనాటికి బతికుండే కనీస సంఖ్య, భద్రపరచే పద్ధతి లేబుల్ మీద ఉండాలన్నాయి. ఆహారంగా అమ్మినా, మందుగా అమ్మినా ఈ మూడూ కంటికి కనబడే అక్షరాల్లో, తెలుగులో కూడా ముద్రించేలా అధికారులు చూడాలి. అవి లేని పెట్టెను దుకాణదారు చీటీ లేకుండా చేతిలో పెట్టకూడదు. ఆ పది రెట్ల లెక్కకు సవరణ వేసేటప్పుడు, వీలైతే దాని కిందే ఈ సంగతి కూడా నాలుగు వాక్యాల్లో వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత మైక్రోబయాలజీ అధ్యాపకురాలు,
హబ్సిగూడ, హైదరాబాద్.