కొత్త యాప్ వేసుకోమని ఎందుకు అడుగుతున్నానంటే

అందరికీ నమస్కారమండి. ఈ మధ్య కొత్త ఫోన్ కొన్నవాళ్ళు చాలామంది "ప్లే స్టోర్‌లో మీ గానుగ నూనె యాప్ రావట్లేదు, కొట్టు ఎత్తేశారా" అని అడుగుతున్నారు. ఎత్తేయలేదండి. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను.

పాత యాప్ 2019లో ఒకతనితో చేయించాం, తర్వాత దాన్నెవరూ ముట్టుకోలేదు. గూగుల్ రూల్ ఏంటంటే పాత ఆండ్రాయిడ్‌కి చేసి అలాగే వదిలేసిన యాప్‌ని కొత్త ఫోన్లలో చూపించరు, 2025 ఆగస్టు 31 నుంచి అయితే అప్‌డేట్ పంపాలన్నా ఆండ్రాయిడ్ 15కి తగ్గట్టు ఉండాలి. సరే అప్‌డేట్ చేయిద్దామని అడిగితే అతను కోడ్ జిప్ ఫైల్ పంపి "మొత్తం ఇచ్చేశా సార్" అన్నాడు.

రోజూ కొట్టు కట్టేశాక నేనూ మా మేనల్లుడూ కూర్చున్నాం. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాం. మాది 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్, లాప్‌టాప్ లోపలి సెట్టింగ్స్ మార్చినా ఎమ్యులేటర్, అంటే లాప్‌టాప్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్, కదల్లేదు, ఇంక యాప్ పరీక్షించడానికి నా ఫోనే కేబుల్‌తో కలిపాం. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు కొడితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, లాప్‌టాప్ నుంచి యాప్ ఎక్కించాలంటే అవి కావాలి, నా వేళ్ళకి నూనె జిడ్డు ఉండి స్క్రీన్ పట్టకపోతే తువ్వాలుకి తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి కొట్టాను. కోడ్‌ని యాప్‌గా కట్టే గ్రాడిల్ అనే పనిముట్టు పాతది, దానికి కొత్త జావా (అది నడవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) పడలేదు, వెర్షన్లు మార్చాం. జేసెంటర్ అని లైబ్రరీలు, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ ముక్కలు, దొరికే చోటు ఒకటుండేది, మూసేస్తున్నట్టు 2021లోనే చెప్పారట, మా కోడ్ ఇంకా అక్కడికే వెళ్ళి వెతుకుతోంది. తప్పులు చూపించే ఒక్కో ఎర్ర లైనూ తీసుకుంటూ వస్తే పదకొండో రాత్రికి నా ఫోన్‌లో యాప్ తెరుచుకుంది.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. యాప్‌ని ప్లే స్టోర్‌కి పంపేటప్పుడు కీస్టోర్ అనే ఫైల్‌తో సంతకం పెడతారు, అప్‌డేట్‌కి కూడా అదే సంతకం కావాలి. ఆ ఫైల్ జిప్‌లో లేదు. అడిగితే "పాత లాప్‌టాప్ ఫార్మాట్ అయిపోయింది సార్" అన్నాడు, అంతే, ఒక్క సారీ లేదు. ఆ సంతకం పెట్టే తాళం గూగుల్ దగ్గరే దాచే పద్ధతి అప్పటికే ఉందట, దాంట్లో చేరి ఉంటే మనం యాప్ పంపేటప్పుడు వాడే అప్‌లోడ్ తాళం పోయినా మళ్ళీ ఇప్పించుకోవచ్చు, అతను చేర్చలేదు, నాకు చెప్పనూ లేదు. డబ్బులు పైసాతో సహా కట్టినవాడిని, నా కొట్టు తాళం ఇంకొకడు పారేసుకున్నట్టు అనిపించింది.

ఇంక రెండే దారులు. యాప్ మానేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకోవడం, లేదా వేరే ఐడీతో (ప్లే స్టోర్ యాప్‌ని గుర్తుపట్టే పేరు) కొత్త యాప్ పెట్టడం. కొత్తదంటే మీరు ఆరేళ్ళుగా రాసిన రివ్యూలన్నీ పోతాయి. "ఈ నువ్వుల నూనె పోపు వేస్తే మా అమ్మ వంటింటి వాసన వచ్చింది" అని ఒకావిడ రాసింది, దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో. మూడు రాత్రులు నిద్రపట్టలేదు, మా ఆవిడ వాట్సాప్ చాలు కదా అంది, కానీ ఇంకొకడి నిర్లక్ష్యానికి నా యాప్ నేనెందుకు మూసుకోవాలి? కొత్తదే పెట్టాం.

పాతదాన్ని మీ ఫోన్‌లోంచి తీసేసి కొత్తది వేసుకోండి, పాత నంబర్‌తోనే లాగిన్ అవ్వండి. ఖాళీ సీసాల డిపాజిట్, పాత ఆర్డర్లు మన సర్వర్‌లో భద్రంగా ఉన్నాయి, ఒక్క రూపాయి తేడా రాదు, వస్తే కొట్టుకొచ్చి నన్నే అడగండి. ఆండ్రాయిడ్ 7 కంటే పాత ఫోన్ అయితే ఇది ఎక్కదు, ఫోన్ చేయండి, రాసుకుంటాం. ఈసారి కీస్టోర్ రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టాం, ఒకటి బీరువాలో కొట్టు కాగితాలతో ఉంది, గూగుల్ పద్ధతిలోనూ చేరాం. కోడ్ మాత్రం ఇంకెవరి చేతికీ ఇవ్వను, ఎంత తక్కువకి చేస్తామన్నా సరే.

కార్తీక మాసం దీపాలకి నువ్వుల నూనె బుకింగ్ కొత్త యాప్‌లో తెరిచాం. రివ్యూ రాసినావిడ ఇది చదువుతుంటే, వీలైతే ఆ మాట అక్కడ ఇంకోసారి రాయండమ్మా.