వార్షిక నివేదిక 2024–25: మన ‘నార్మల్’ పాములు ఎంత నార్మల్?

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన బాల్ పైథాన్ పెంపకందారుల సంఘం సమయం చాలావరకు ఒక్క రిజిస్టరే తినేసింది: సభ్యుల ‘నార్మల్’ పాముల వంశాలు రాసుకునే రిజిస్టర్.

బాల్ పైథాన్ అంటే పశ్చిమ ఆఫ్రికా చిన్న కొండచిలువ. గోధుమ, నలుపు కలిసిన సహజ రంగుదాన్ని మనం నార్మల్ అంటాం. ఘనా, టోగో, బెనిన్‌లలో బయట తిరిగేది ఇదే. 1992లో అమెరికాలో పెంపకంలో తొలి ఆల్బినో (ఒంట్లో నలుపు లేని పాము) పుట్టాక మార్ఫ్‌ల, అంటే వేరే రంగుల రకాల, మోజు ముదిరి, నార్మల్‌ని అడిగేవాళ్లు తగ్గారు. ఆ పాత వంశాన్ని కలుషితం కాకుండా నిలబెట్టాలన్నది మన పట్టుదల. చిక్కల్లా, చూడ్డానికి నార్మల్‌గా ఉన్నదల్లా నార్మల్ కాదు.

ఈ పాఠం మా ఇంట్లోనే నేర్చుకోవాల్సొచ్చింది. ‘రెండూ ప్యూర్ సార్’ అన్న అమ్మకందారు మాట నమ్మి కొన్న జంట అది. ఏప్రిల్‌లో ఆరు గుడ్లు పెట్టింది. మే ఎండలకు ఇంక్యుబేటర్ 32 డిగ్రీలు దాటకుండా చూడటం పెద్ద టెన్షన్. వేడి ఎక్కువైతే పిల్లలు వెన్ను వంకరతో పుట్టొచ్చు. కరెంటు పోయినప్పుడల్లా పక్కన ఐస్ సీసాలు పెట్టాం. జూన్‌లో ఒక గుడ్డు చీలి, మూతి బయటికొచ్చింది. పసుపు, తెలుపు ఒళ్లు, దానిమ్మ గింజల్లాంటి కళ్లు. మా అబ్బాయి ‘లాటరీ తగిలింది నాన్నా!’ అని గంతేశాడు. నేను మాత్రం కుర్చీలో కూలబడ్డాను.

ఆల్బినో పుట్టిందంటే తల్లీ తండ్రీ రెండూ ఆ జన్యువును లోపల దాచుకున్నవే, అంటే హెట్. మిగతా ఐదు పిల్లలూ నార్మల్‌గానే ఉన్నాయి. కానీ ఒక్కోటి హెట్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. జంటా, ఆరు పిల్లలూ కలిపి ఎనిమిదింటినీ రిజిస్టర్లో ఎర్ర సిరాతో కొట్టేశాం. కార్యదర్శినైన నా పాములే ముందు జాబితాలోంచి పోయాయి కాబట్టి ఎవరూ నొచ్చుకోలేదు!

ఇకపై తాత తరం దాకా రాతపూర్వక వివరాలు లేని పాము ‘వంశం తెలియనిది’గానే నమోదవుతుంది. కుబుసంతో డీఎన్ఏ పరీక్ష చేసే ల్యాబులు విదేశాల్లో ఉన్నాయి. అయితే అవి కొన్ని జన్యువులనే పట్టగలవు, కాగితం అవసరం తీరదు. అలాగని స్వచ్ఛత పేరుతో తోబుట్టువులను జతకట్టొద్దు. మన జూపార్కులోనూ కనిపించే తెల్లపులుల చరిత్ర తెలిసిందే. 1951లో రీవా అడవిలో పట్టుకున్న మోహన్‌ను సొంత కూతురితోనే జతకట్టి ఆ రంగును నిలబెట్టారు.

బాల్ పైథాన్ సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. 2024 ఫిబ్రవరి నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. ఇద్దరు సభ్యులది ఇంకా పెండింగ్‌లోనే ఉంది, దయచేసి పూర్తి చేయండి. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన పాములను ఇంట్లో ఉంచుకోవడం నేరం. అలాంటివి కనబడ్డాయని వచ్చిన ఫోన్లన్నీ పాములను పట్టి కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకే మళ్లించాం. నాగుల పంచమికి పాలు తెచ్చిన పక్కింటి పిన్నిగారికి టీ పెట్టిచ్చి పంపాం.

జమాఖర్చుల పట్టీ జతచేశాం. ఆల్బినో పిల్ల మా అబ్బాయి దగ్గరే ఉంది, అమ్మడం లేదు. వచ్చే సమావేశానికి కొన్న రసీదులు, పాము వీపు, పొట్ట కనబడే ఫోటోలు వెంట తెచ్చుకోండి.

— కార్యదర్శి