ఆ ఇరుసు సంగతి ముందు చూడు

ఒరే మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. బ్రెడ్ మెషీన్‌లో కాల్చిన కేకు సగం గిన్నెకు అంటుకుని, మిగతా సగం ముక్కలై చేతికొచ్చిందని రాసిన చోట గట్టిగా నవ్వేశాను. తిట్టుకోకు. నవ్వింది నిన్ను చూసి కాదు, నా మొదటి కేకు గుర్తొచ్చి. నాది ఒక్క ముక్క కూడా విరగకుండా ఊడి వచ్చింది కానీ, పిండి కలిపే తెడ్డును కడుపులో పెట్టుకుని మరీ వచ్చింది. అందరి ముందూ కోస్తుంటే కత్తి టంగుమంది. ఆ మోత ఇంట్లోవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు.

అప్పటినుంచి, పిండి కలపడం, కాల్చడం రెండూ తానే చేసే ఈ బ్రెడ్ మెషీన్‌తో చాలా కుస్తీలు పట్టాను. గిన్నెకు నాన్‌స్టిక్ పూత ఉంది కదా, బ్రెడ్డు తిరగేయగానే జారిపడుతోంది కదా, కేకుకేం రోగం అని అడిగావు. అంటుకోకుండా గిన్నెలో కాగితం ఎలా పరచాలో చెప్పమన్నావు కూడా. బ్రెడ్డు పిండి ముద్దగా, సాగుతూ ఉంటుంది. తనను తాను గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి గిన్నెను పట్టుకోవలసిన పని లేదు. కేకు పిండి జారు. సందు కనిపిస్తే చాలు దూరుతుంది, పైగా దాని నిండా పంచదార. వేడికి ఆ పంచదార పాకమై గోడలకు పట్టేస్తుంది. పూత కొంచెం గీసుకుపోయిన చోటైతే ఇక వదలనే వదలదు. అన్నిటికన్నా గట్టిగా పట్టేది ఇరుసు మొదట్లో. అదే, తెడ్డును తగిలిస్తామే, గిన్నె అడుగున నిలబడి ఉండే ఆ చిన్న కడ్డీ. నీ కేకు సగం ఆగిపోయింది కూడా అక్కడే అయి ఉంటుంది. పందెమా?

కాగితం జోలికి వెళ్లే ముందు ఒక సంగతి. నీ మెషీన్‌లో ‘కేక్’ అని ఒక మీట ఉండవచ్చు. దాన్ని చూసి మోసపోకు. చాలా మెషీన్లలో అది పిండి కలపడంతోనే మొదలవుతుంది. తెడ్డు తీసేసినా ఇరుసు తిరుగుతూనే ఉంటుంది, నువ్వు కష్టపడి పరిచిన కాగితాన్ని మెలితిప్పి పిండిలోకి లాగేస్తుంది. కాబట్టి పిండి వేరే పాత్రలో కలుపుకుని, మెషీన్‌ను కాల్చడానికి మాత్రమే వాడు. ‘బేక్’ అని విడిగా ఉంటుంది చూడు, అది. అది లేని మెషీన్ అయితే ఈ ఉత్తరం ఇక్కడితో మడిచి పెట్టేయవచ్చు.

కాగితం విషయంలో పిసినారితనం వద్దు. సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపరే కావాలి. మైనం కాగితం చూడటానికి అలాగే నున్నగా ఉంటుంది కానీ, వేడికి మైనం కరిగి పొగ వస్తుంది. బటర్ పేపర్ అన్న పేరును నమ్మకు, ఆ పేరుతో రకరకాల కాగితాలు ఉంటాయి. ఎంత వేడికి తట్టుకుంటుందో పెట్టె మీద చదువు, 200 డిగ్రీలకు పైన రాసి ఉంటే దిగులు లేదు. అల్యూమినియం రేకు కూడా వాడి చూశాను. దాని ముడతల్లోకి కేకు దూరిపోయింది, ఒలుస్తుంటే చిట్లిన రేకు ముక్కలను గోళ్లతో ఏరుకోవలసి వచ్చింది.

ఇక కొలత. మామూలు కేకు గిన్నెనైతే కాగితం మీద బోర్లించకుండా పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసుకుంటాం. ఇక్కడ ఆ పప్పులుడకవు. మోటారుకు తగిలే రెక్కల బిళ్ల అడుగున పొడుచుకుని ఉంటుంది కదా, గిన్నె కాగితం మీద సమంగా కూర్చోదు. నేను లోపలి నుంచే కొలుస్తాను. కాగితం ముక్కను ఉండలా నలిపి, నీళ్లలో ముంచి, గట్టిగా పిండేసి, మళ్లీ విప్పుతాను. అప్పుడది పాత గుడ్డలా మెత్తబడి చెప్పినట్టు వింటుంది. దాన్ని గిన్నె అడుగున పరిచి వేలితో ఒత్తితే ఇరుసు కొన సరిగ్గా ఎక్కడుందో ముద్ర పడుతుంది. అడుగు అంచుల వెంబడి గోటితో గీస్తే ఆకారం కూడా వచ్చేస్తుంది. బయటికి తీసి అంచులు కత్తిరించి, ముద్ర పడిన చోట కత్తెర మొనతో గుణకారం గుర్తులా రెండు చిన్న గాట్లు పెట్టు. గాటు పొడవు ఇరుసు మందాన్ని మించకూడదు. మొదటిసారి నేను బారుగా కోసేశాను, ఆ సందులోంచి పిండంతా కాగితం కిందికి దిగి హాయిగా కాలింది. చిన్నగా కోస్తే, కాగితాన్ని ఇరుసు మీదుగా కిందికి నొక్కినప్పుడు నాలుగు రేకులు పైకి లేచి ఇరుసును హత్తుకుంటాయి. వాటికీ, పైకి మిగిలిన ఇరుసుకూ వెన్న బాగా పట్టించు. పని మొత్తంలో కీలకం అక్కడే ఉంది.

గోడలకు పెద్ద కష్టం లేదు. గిన్నె లోపలంతా వెన్న రాస్తే కాగితం జారకుండా అతుక్కుంటుంది. ఒక పొడవాటి పట్టీ కత్తిరించి, కింది అంచును ఒక సెంటీమీటరు మడిచి, ఆ మడతకు దువ్వెన పళ్లలా గాట్లు పెట్టు. పట్టీని గోడల చుట్టూ తిప్పి, పళ్లను అడుగు మీదికి వంచి, అడుగు ముక్కను వాటిపైన వేయి. పట్టీ ఎత్తు గిన్నె అంచుకు ఒక వేలి మందం కిందే ఆగాలి. కేకును ఎత్తడానికి వీలుగా ఉంటుందని కాగితం చెవులు బయటికి వదిలేస్తారు కొందరు. ఓవెన్‌లో అయితే సరే కానీ, ఇక్కడ గిన్నె బయటే, అంగుళాల దూరంలో, బాగా కాలే తీగ ఉంటుంది. కాగితం అటువైపు పోకూడదంతే.

పిండి గిన్నెలో సగం దాటనివ్వకు. గిన్నె లోతు ఎక్కువ, వేడేమో కిందినుంచీ పక్కలనుంచీ వస్తుంది. అందుకే అడుగు మాడుతున్నా నడిమధ్య పచ్చిగానే ఉంటుంది, పైభాగమైతే ఎర్రబడనే పడదు. పాలిపోయిన ఆ మొహం చూసి ఉడకలేదని ఇంకా కాల్చకు. సన్న పుల్ల గుచ్చి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. వ్యవధి ఎక్కువగానే పెట్టుకో, 40 నిమిషాల నుంచి చూడటం మొదలుపెట్టి, అయిందనిపిస్తే ఆపేయి. తక్కువ పెట్టుకుని మళ్లీ మొదలుపెడదామంటే కొన్ని మెషీన్లు చల్లారేదాకా కదలమని మొండికేస్తాయి. ఈలోగా కేకు కుంగిపోతుంది.

గిన్నెను బయటికి తీశాక పది నిమిషాలు దాని జోలికి పోకు. ఆ తర్వాత మందపాటి గుడ్డతో పట్టుకుని, కిందనున్న రెక్కల బిళ్లను అటూ ఇటూ అరచుట్టు తిప్పు. లోపల ఇరుసు వదులైన సంగతి వేళ్లకే తెలుస్తుంది. అప్పుడు బోర్లిస్తే మెల్లగా జారి వస్తుంది. అడుగున వేలు పట్టేంత బొక్క ఒకటి మిగులుతుంది. అది మాత్రం ఎన్ని కాగితాలు వేసినా పోదు, నేను దాన్ని క్రీముతో పూడ్చి ఊరుకుంటాను.

నువ్వు కత్తితో గోకి తీశానన్నావు కదా, గిన్నెను ఒకసారి వెలుతురులో పెట్టి చూసుకో. పూత లేచిపోయి ఉంటే దాంట్లో ఇక బ్రెడ్డు కూడా సరిగ్గా ఊడదు, కొత్త గిన్నె కోసం వెతుక్కోవలసిందే.

అన్నట్టు, తెడ్డు తీశాక ఎక్కడ పెట్టావో గుర్తుంచుకో. నాది పోయిన వారం నుంచి కనిపించడం లేదు. ఈసారి కేకులో మాత్రం లేదు, మొత్తం తినేసి చూశాం.

నీ
పాత నేస్తం