ఎంటెక్ చేయాలా వద్దా అని అడిగావు కదా

అనంతపురం

ఏరా మామా, బాగున్నావా?

నీ మెసేజ్ చూశా. ఫోన్‌లో మాట్లాడితే కబుర్లలో పడి అసలు విషయం పక్కకు పోతుందని ఉత్తరమే రాస్తున్నా. ఇక్కడ అందరూ బాగున్నారు. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

మెకానికల్‌లో ఎంటెక్ చేస్తే ఉద్యోగం వస్తుందా అని అడిగావు. దానికంటే ముందు నేనొకటి అడుగుతా. ఏ పని కోసం ఎంటెక్? బెంగళూరులో ఆ టెస్టింగ్ ఉద్యోగం విసుగొచ్చింది కాబట్టి అయితే మాత్రం వద్దురా, కంపెనీ మారు చాలు. ఎంటెక్ అంటే నాలుగు సెమిస్టర్లు. మొదటి రెండూ క్లాసులు, ల్యాబులు, ఇంటర్నల్స్‌తో గడిచిపోతాయి. ఆ తర్వాత ఏడాదంతా ఒకే ఒక్క సమస్య, దాని ముందు నువ్వు. దాని మీద ఇష్టం లేకపోతే ఆ ఏడాది గడవదు. మంచి మార్కులు వచ్చినవాళ్లు కూడా మూడో సెమిస్టర్‌లో డీలా పడిపోవడం కళ్లారా చూస్తున్నా.

నా ఎంటెక్ ప్రాజెక్టుకు దొరికిన సమస్య శెనక్కాయలు వలిచే మిషన్. మన ఊళ్లలో నువ్వూ చూసే ఉంటావు. పైన తొట్టి, లోపల తిరిగే ఇనప కమ్మీలు, కింద అర్ధచంద్రాకారంలో జల్లెడ. కమ్మీలకూ జల్లెడకూ మధ్య కాయ నలిగి పొట్టు పగులుతుంది, ఫ్యాను పొట్టును ఊదేస్తుంది, గింజ కింద పడుతుంది. ఆ పడ్డ గింజల్ని దోసిట్లోకి తీసుకుని చూడు. కొన్ని రెండు బద్దలుగా విడిపోయి ఉంటాయి. కొన్నిటికి ఎర్రతోలు లేచిపోయి ఉంటుంది. ఇంకొన్ని నిండుగానే కనబడతాయి కానీ ముక్కు దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంటుంది. మొలక ఉండేది ఆ ముక్కులోనే. అది పోయిందా, ఆ గింజ నూనె మిల్లుకే తప్ప విత్తడానికి పనికిరాదు. విత్తనాల కోసం ఇప్పటికీ చాలా ఇళ్లల్లో అందరూ కూర్చుని చేత్తో వలుస్తున్నారంటే అందుకే మరి.

మిషన్ పక్క రేకు తీసి, అక్రిలిక్ షీటు బిగించి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాం. రెండు గింజల పెద్ద కాయ మొదటి దెబ్బకే పగులుతోంది. ఒంటిగింజ చిన్న కాయ మాత్రం పగలకుండానే జల్లెడలోంచి జారిపోతోంది. దాన్ని కూడా పగలగొడదామని సందు తగ్గిస్తే పెద్ద కాయలో గింజ చితుకుతోంది. అంటే కాయల్ని ముందే సైజువారీగా వేరు చేస్తే సగం గొడవ తగ్గుతుందని నా నమ్మకం. తేమది ఇంకో కథ. బాగా ఎండిన కాయలో గింజ పెళుసుగా ఉండి ఇట్టే విరుగుతుంది, అందుకే మిషన్‌లో పోసే ముందు నీళ్లు చిలకరిస్తారు. ఎన్ని నీళ్లు, ఎంతసేపు ముందు అంటే ఒక్కో రైతుది ఒక్కో లెక్క. ఆ లెక్క తేల్చాలని నా పట్టుదల.

బీటెక్‌లో స్టీల్ అనగానే యంగ్స్ మాడ్యులస్, అదే దాని గట్టిదనం లెక్క, 200 గిగాపాస్కల్ అని వేసేసేవాళ్లం. శెనక్కాయ పొట్టుకు ఆ అంకె ఎవరిస్తారు? నిలువుగా నొక్కితే ఒక బలానికి పగులుతుంది, అడ్డంగా నొక్కితే ఇంకో బలానికి, తడిపితే మరో బలానికి. కాయ తర్వాత కాయ నొక్కి నేనే కొలుచుకోవాలి, ఆన్సిస్ సాఫ్ట్‌వేర్‌లో కంప్యూటర్ మోడల్ ఆ తర్వాతే. కొలత తప్పితే తెర మీద రంగుల బొమ్మ ఎంత అందంగా వచ్చినా విలువ లేదు. ఈ పనిలో నాకున్న సంతోషం నీకు ఎలా చెప్పాలో తెలియట్లేదురా.

సరే, నీ సంగతి. నీకు హీట్ ట్రాన్స్‌ఫర్ అంటే ప్రాణం కదా, థర్మల్ వైపు చూడు. మన ఎండలు తెలుసుగా. సోలార్ ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కో డిగ్రీకి దాని ఉత్పత్తి దాదాపు 0.4 శాతం పడిపోతుంది. కదిరి పక్కన ఎన్.పి.కుంటలో అంత పెద్ద సోలార్ పార్కు పెట్టారు. నీళ్లకు కరువున్న చోట ఆ ప్యానెళ్లను ఎలా చల్లబరుస్తావు? ఇలాంటిది ఒకటి పట్టుకుంటే రెండేళ్లు చాలవు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలాంటి చోట షాప్ ఫ్లోర్‌లో, అంటే తయారీ విభాగంలో చేరడమే నీ ఆశ అయితే మాత్రం ఎంటెక్ దాకా అక్కర్లేదు. డిజైన్, అనాలిసిస్, ఆర్ అండ్ డీ పనులు కావాలంటేనే ఇది ఉపయోగం.

ఎంటెక్ సీట్లకు పెట్టే గేట్ పరీక్ష మాత్రం తప్పకుండా రాయి. అర్హత ఉండి రెగ్యులర్ కోర్సులో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది, ఇంటి మీద భారం తగ్గుతుంది. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. మూడు గంటల్లో 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో ఆప్టిట్యూడ్‌కు 15, మ్యాథ్స్‌కు 13. ఆ 28 మార్కులూ ఉద్యోగం చేస్తూనే తెచ్చుకోవచ్చు. మల్టిపుల్ చాయిస్‌లో తప్పు పెడితే మార్కులు కోస్తారు, అంకె టైప్ చేసే ప్రశ్నల్లో కోత లేదు, వాటిని బాగా సాధన చెయ్యి. దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో. ఐఐటీల ఆఫర్లు కోప్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా వస్తాయి, ఎన్‌ఐటీలకు సీసీఎంటీ కౌన్సెలింగ్, మన రాష్ట్ర కాలేజీలకు పీజీఈసెట్. పరిశోధన మీద నిజంగా మనసుంటే ఐఐటీ మద్రాస్‌లో ఎంఎస్ కూడా చూడు, అందులో క్లాసుల కంటే రీసెర్చే ఎక్కువ.

నీ రూమ్మేట్ జర్మనీ అంటున్నాడన్నావు. అక్కడ చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదన్న మాట నిజమే. కానీ ఏడాది ఖర్చు కింద దాదాపు 12 వేల యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు కొంత చొప్పునే తీసుకోనిచ్చే ఖాతా) ముందే చూపించాలి, మన చదువు పత్రాలు అసలువేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. నాన్నతో మాట్లాడకుండా కన్సల్టెన్సీలకు డబ్బు కట్టొద్దు.

ఉద్యోగం ఇప్పుడే మానేయకు. వచ్చే ఆదివారం ఒకసారి ఇటు వచ్చేయ్. వచ్చేటప్పుడు నీ బీటెక్ ప్రాజెక్టు రిపోర్టు తెచ్చుకో. అందులో ఆ హీట్ ఎక్స్ఛేంజర్ లెక్కలున్నాయి కదా, వాటిని ముందేసుకుని మా థర్మల్ సార్‌తో మాట్లాడదాం. సార్ ఆదివారం కూడా ల్యాబ్‌కు వస్తారు, నేను ముందే చెప్పి ఉంచుతా. ఏ బండికి వస్తున్నావో శుక్రవారంలోగా ఫోన్ చెయ్యి.

ఉంటా మరి,
నీ మామ