రాజకాలువ అడుగున కాంక్రీటు పోయొద్దు

సంపాదకులకు నమస్కారం.

మా ఇల్లు బెంగళూరులో, బెళ్లందూరు చెరువులోకి పారే ఒక రాజకాలువ, అంటే వాననీళ్లను చెరువుకు చేర్చే పెద్ద కాలువ, పక్కనే. ఈమధ్య మా లేఅవుట్ వెనక కాలువకు రెండు వైపులా గోడలు కట్టారు. వానాకాలంలో ఇళ్లలోకి నీళ్లు వచ్చి మంచాల మీద కూర్చున్నవాళ్లం, గోడలు వద్దని ఎవరం అనం. ఇప్పుడు అడుగున కూడా కాంక్రీటు పోస్తామని ఇనుప ఊచలు పరిచారు. ఎందుకని అడిగితే, "మట్టి ఉంటే బురద, కంపు సార్, కాంక్రీటైతే శుభ్రంగా ఉంటుంది" అన్నారు. ఆ మాట తప్పు, అందుకే ఈ ఉత్తరం.

నేను మదనపల్లె వైపు పల్లెలో పెరిగాను. ఏట్లో నీళ్లు పారుతున్నా తాగడానికి మాత్రం ఇసుకలో చెలమ తవ్వేవాళ్లం. మా అమ్మ మొదట ఊరిన రెండు చెంబులు తోడి పారబోసి, నీళ్లు తేరాక కడవ నింపేది. ఇసుక వడకట్టిందనే అనుకునేవాళ్లం, కానీ వడకట్టడం అందులో సగం పనే. ఏటి రాయి ఒకటి తీసి వేలితో రుద్దితే జిగటగా తగులుతుంది కదా, అది బాక్టీరియా, బూజు, పాచి కలిసి కట్టుకున్న పొర. అలాంటి పొర ఇసుక రేణువుల మీదా ఉంటుంది. వాగులో ఉండే సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం కాపురం ఈ అడుగునే. నీళ్లు కూడా పైపైనే పోవు, కొన్ని ఇసుకలోకి దిగి, గులకరాళ్ల సందుల్లో నెమ్మదిగా నడిచి, ఇంకాస్త దిగువన మళ్లీ పైకి వస్తాయి. ఆ దారిలోనే నీళ్లలోని మలినం ఆ సూక్ష్మజీవులకు తిండి అవుతుంది.

కాలువలో కానుగ ఆకు రాలిందనుకోండి. ఒకటి రెండు రోజుల్లో అందులో కరిగేదంతా టీ దిగినట్టు నీళ్లలోకి దిగిపోతుంది. తర్వాత బూజు పట్టి మెత్తబడుతుంది, మెత్తబడ్డాక నీటిపురుగులు కొరికి ఈనెలు మిగులుస్తాయి, ఆ పొడి ఇసుక సందుల్లో చేరి బాక్టీరియాకు అందుతుంది. ఇంకాస్త లోతున, గాలి అందని చోట, వేరే బాక్టీరియా నీళ్లలోని నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తుంది. ఎంత పనో చూడండి, కరెంటు బిల్లు లేదు!

మరి మా కాలువ ఎందుకు కంపు కొడుతోంది? గోడలు కట్టకముందు ఒకసారి వెదురు కర్ర దించి చూశాను. పైన అట్టముక్కంత గోధుమరంగు పొర, దాని కింద అంతా కాటుక నలుపు. కర్ర లాగగానే బుడగలు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. అడుగుకు ఊపిరాడటం లేదన్నమాట. లీటరు నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్ మహా అయితే ఏడెనిమిది మిల్లీగ్రాములు. లీటరు ఇంటి మురుగులోని మలినం అరగడానికి కావలసింది 200 మిల్లీగ్రాములకు అటూఇటూ. ఆక్సిజన్ అయిపోతే బాక్టీరియా నైట్రేటుతో, ఇనుముతో, సల్ఫేటుతో పని నడుపుతుంది, చివరికి మీథేన్ వదులుతుంది. ఆ నలుపు ఇనుము, గంధకం కలిసింది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. తప్పు మట్టిది కాదు, దాని మీదికి మనం వదిలే మురుగుది.

కాంక్రీటు పోసినా మురుగు ఆగదు కదా, ఇంకా వేగంగా జారి చెరువులో పడుతుంది. కాంక్రీటు మీదా పాచి పడుతుంది, నిజమే, కానీ అది పైపైన ఒక్క పొర, గట్టి వానకు కొట్టుకుపోతుంది. బెళ్లందూరు చెరువు నురగ రోడ్డు మీదికి రావడం, 2017 ఫిబ్రవరిలో, మళ్లీ 2018 జనవరిలో చెరువుకు నిప్పంటుకోవడం అందరం చూశాం. అక్కడి నుంచి నీళ్లు వర్తూరు చెరువు మీదుగా దక్షిణ పినాకిని నదిలో కలిసి తమిళనాడుకు పోతాయి, అక్కడ రైతులు వాటితోనే పంటలు పండిస్తారు.

అధికారులను కోరేది ఇదే. గోడలు ఉంచండి, అడుగు వదిలేయండి. ఆ డబ్బుతో కాలువలో కలుస్తున్న మురుగు పైపులు ఎక్కడెక్కడున్నాయో వెతికి ఎస్టీపీకి (మురుగునీటి శుద్ధి కేంద్రానికి) మళ్లించండి. పూడిక తీసిన నల్లబురదను గట్టునే కుప్పలు పోయకండి, మొదటి వానకే అది మళ్లీ లోపలికి వస్తోంది. కట్టడాల మట్టి, సిమెంటు నీళ్లు కూడా రానివ్వకండి, ఆ మెత్తటి మన్ను ఇసుక సందులు పూడ్చేస్తే నీళ్లు కిందికి దిగవు.

ఊచలు పరిచారు గానీ కాంక్రీటు ఇంకా పోయలేదు. పోసే లోపు సంబంధిత ఇంజినీర్లు ఒక్కసారి వచ్చి మాతో కాలువ వెంట నడవాలని మనవి.

– ఒక పాఠకుడు, బెళ్లందూరు, బెంగళూరు