ఒక్కరోజు అక్కలతో ఒరిగేదేమిటి?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ సిటీ పేజీలో వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. ఆలస్యంగా రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను, అది తగ్గేలా లేదు. సర్కారు బడిలో ఇబ్బందుల్లో ఉన్న ఆడపిల్లలకు 'అక్కలు'గా అండగా నిలుస్తామని ఒక కంపెనీ వాలంటీర్లు వచ్చారట. అందరికీ ఒకే రంగు టీషర్టులు, చేతుల్లో కిట్లు, ముందు వరసలో పిల్లలు. ఫోటో బ్రహ్మాండంగా ఉంది. వార్త చివరిదాకా చదివితే తేలిందేమిటంటే, కార్యక్రమం ఒక మధ్యాహ్నం జరిగింది, అతిథులు వెళ్ళిపోయారు. మళ్ళీ ఎప్పుడొస్తారని మీ రిపోర్టరు అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. ఇప్పుడు శనివారాలు మా దగ్గరి బస్తీ బడికి వెళ్ళి ఒక అమ్మాయితో కూర్చుంటున్నాను. ఒక్క అమ్మాయితోనే. దసరా సెలవుల దాకా ఆ పిల్ల నాతో లెక్కలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. తర్వాత ఇంటి సంగతులు కొద్దికొద్దిగా వచ్చాయి. అసలు మాట సంక్రాంతి దాటాక గానీ బయటికి రాలేదు. అదేమిటో ఇక్కడ రాయను, నన్ను నమ్మి చెప్పింది. మూడు గంటల ప్రోగ్రాంలో ఏ పిల్ల చెబుతుందండీ ఇలాంటివి? మైకు చేతికిచ్చి 'మీ ప్రాబ్లమ్స్ ఓపెన్‌గా చెప్పండమ్మా' అంటే 'బస్సు లేటుగా వస్తది మేడమ్' అంటారు. వెనకాల నుంచి నవ్వులు, చప్పట్లు, తర్వాత సమోసా.

పైగా ఇలా వచ్చి పోవడం వల్ల నష్టమేమీ లేదనుకోవడం కూడా తప్పే. పిల్లలకు బయటి మనిషిని తోడు పెట్టే పద్ధతి కొత్తదేమీ కాదు. 1904లో న్యూయార్క్‌లో పిల్లల కోర్టు గుమాస్తా ఒకాయన, కేసుల్లో ఇరుక్కున్న ఒక్కో మగపిల్లాడికి ఒక్కో పెద్దమనిషిని తోడు పెట్టడం మొదలుపెట్టాడు. తర్వాత అమెరికాలో ఇలాంటి జతలను పరిశీలించిన వాళ్ళు చెప్పింది ఒకటే: ఏడాది, ఆపైన నిలిచిన జతల్లో పిల్లలకు మేలు బాగా కనిపించింది, మూడు నెలల లోపే తెగిపోయిన చోట పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం అంతకు ముందుకన్నా తగ్గింది. ఇంట్లో ఇప్పటికే పెద్దవాళ్ళ మాట మీద నమ్మకం పోయిన పిల్లకు, మాటిచ్చి మాయమయ్యే ఇంకో మనిషిని మనమే తెచ్చి పరిచయం చేస్తున్నామన్నమాట.

ఆడపిల్లకు అసలు గండం తొమ్మిది, పది తరగతుల్లో. ఉచిత నిర్బంధ విద్య చట్టం 14 ఏళ్ళ దగ్గరే ఆగిపోతుంది. తల్లి అపార్ట్‌మెంట్లలో పనికి పోతే వంట, తమ్ముళ్ళు ఈ పిల్ల మీదే. బడికి ఆలస్యమైతే క్లాసు బయట నిలబెడతారు, ఎందుకు ఆలస్యమైందని ఎవరూ అడగరు. ఇంతలో 'మంచి సంబంధం' వస్తుంది. ఆడపిల్ల పెళ్ళికి సర్కారు సాయమైన కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు ఇస్తున్నారు, సంతోషం, దానికి పద్దెనిమిది నిండాలి కాబట్టి కొన్ని ఇళ్ళలో పెళ్ళి ఆగుతుంది కూడా. కానీ ఆగేది పెళ్ళే, చదువు మాత్రం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది.

అధికారులను అడిగితే గోడ మీది నంబరు చూపిస్తారు. 1996లో ముంబైలో మొదలైన పిల్లల హెల్ప్‌లైన్ 1098ని 2023లో ప్రభుత్వాలే తీసుకుని అత్యవసర నంబరు 112తో కలిపాయి. బాగుంది. ఫోను తండ్రి జేబులోనో అన్న చేతిలోనో ఉంటే ఆ పిల్ల దేంతో చేస్తుంది? 2014లో ఆడవాళ్ళను వేధించేవాళ్ళను పట్టే పోలీసు షీ టీమ్స్, 2016లో బాధిత మహిళలకు, పిల్లలకు అండగా ఉండే భరోసా కేంద్రం వచ్చాయి, వాటిని నేను తక్కువ చేయను. కానీ ఆ గడప దాకా పిల్లను తీసుకెళ్ళడానికి ముందు ఒక మనిషి కావాలి కదా. పోక్సో చట్టం ప్రకారం, పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. ఈ సంగతి ఆ టీషర్టుల వాళ్ళలో ఎంతమందికి చెప్పారు? అసలు వాళ్ళెవరో ఎవరు చూశారు? పాస్‌పోర్టు కావాలంటే పోలీసు ఇంటికొచ్చి విచారిస్తాడు. ఆడపిల్లలతో విడిగా కూర్చుని మాట్లాడే మనిషికి మాత్రం కంపెనీ ఐడీ కార్డు చాలు!

టీచర్లు చూసుకోరా అని ఎవరైనా అనవచ్చు. ఏ టీచర్లు? 2024 నవంబర్‌లో ప్రైమరీ బడులను ఒంటిపూట చేసి, టీచర్లను ఇంటింటి కుటుంబ సర్వేకి పంపిన రాష్ట్రం మనది. సర్వే కాకపోతే ఎన్నికలు, ఎన్నికలు కాకపోతే ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి ఎక్కించడం. పిల్ల ముఖం చూసే తీరిక ఉన్న టీచరును నా సర్వీసు చివర్లో చాలా అరుదుగా చూశాను. అలాంటివాళ్ళనూ 'సిలబస్ ఎంతవరకు వచ్చింది' అని మందలించడం చూశాను.

విద్యానగర్ మీదుగా బస్సులో పోయేవాళ్ళకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు కనిపిస్తూనే ఉంటుంది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే, ఊహ తెలిశాక ఆ పెళ్ళిని కాదన్న మనిషి ఆమె. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి చదివించి బెనారస్ మెట్రిక్ పరీక్ష రాయించింది. రోజూ వాళ్ళతో ఉండి చేసింది, బ్యానరు కట్టి కాదు.

ఇప్పుడు కావలసింది పెద్ద స్కీమేమీ కాదు. వచ్చేవాళ్ళు ఒక అకడమిక్ ఇయర్ పూర్తిగా వస్తామని రాసివ్వాలి, పోలీసు తనిఖీ జరగాలి, ఏ విషయం ఎవరికి చెప్పాలో ఒక రోజు శిక్షణ ఉండాలి. ఇవి లేకుండా ఏ బడి గేటూ తెరవొద్దని విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఇక గది సంగతి. వరండాలో అందరూ చూస్తుండగా ఏ పిల్లా నోరు విప్పదు, తలుపు మూసిన గదిలో కూర్చోబెట్టడమూ సరికాదు. మనుషులు కనబడి మాటలు వినబడని చోటు ఒకటి కావాలి. ఇది అడిగితే మా హెచ్ఎం స్టోర్ రూము చూపించారు. అందులో విరిగిన బెంచీలు, పాత ఎన్నికల సామాను ఉన్నాయి. తీయించడానికి పై నుంచి అనుమతి రావాలట, ఇంకా రాలేదు.

ఉత్తరం పొడుగైందని తెలుసు. కత్తిరించాల్సి వస్తే సర్వే ముచ్చట కత్తిరించండి. ఏడాది మాట, పోలీసు తనిఖీ మాట మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
వారాసిగూడ, హైదరాబాద్